వైరు బాగానే ఉంది, దాని రెండు చివర్లూ పోయాయి: నా కంప్యూటర్‌కి నెట్ రాని ఏడు రోజులు

మాది ప్రొద్దుటూరు, బెంగళూరొచ్చి పదకొండేళ్ళయింది, రామమూర్తి నగర్‌లో ఉంటాం. నేను ఇంట్లోనే కూర్చుని చిన్న చిన్న షాపులవాళ్ళకి అకౌంట్స్ రాసి జీఎస్టీ రిటర్నులు ఫైల్ చేస్తా. మొత్తం 17 మంది, హార్డ్‌వేర్ షాపు, మెస్సు, రెండు మెడికల్ షాపులు, ఇలాంటివాళ్ళే. మేముండేది ఫస్ట్ ఫ్లోర్, నా పని మాత్రం టెర్రస్ మీదున్న సింగిల్ రూమ్‌లో. రౌటర్ కింద హాల్లో టీవీ పక్కనుంటుంది, అక్కడి నుంచి కిటికీ సందులోంచి ఒక వైరు బయటికొచ్చి, గోడ వెంబడి పైకెక్కి, పిట్టగోడ దాటి నా రూమ్‌లోకి వస్తుంది. 2021లో వేయించాం, అప్పట్నుంచి ఎండకీ వానకీ అలాగే ఉంది. స్లాబు దాటి వైఫై పైకి సరిగ్గా రాదు, నా డెస్క్‌టాప్‌కి వైఫై లేదు కూడా, అందుకే వైరు. ఈ వైరు గురించి ముందే ఎందుకు చెప్తున్నానంటే వారం రోజులూ అందరం దాన్నే అనుమానించాం.

మే 13, 2025, మంగళవారం. సాయంత్రం ఆరున్నరకి ఉరుములు మొదలయ్యాయి. ఒక మెరుపైతే వెలుగూ చప్పుడూ రెండూ ఒకేసారి వచ్చాయి, కింద ఎవరిదో కారు దానంతటదే మోగడం మొదలుపెట్టింది. కరెంటు పోయి పది నిమిషాల్లో వచ్చేసింది. నా కంప్యూటర్ అప్పుడు ఆఫ్ చేసే ఉంది, పైగా యూపీఎస్ మీద ఉంది, కాబట్టి నాకసలు భయమే వేయలేదు. వంట ముగించుకుని రాత్రి తొమ్మిదికి పైకెళ్ళి ఆన్ చేస్తే కింద మూలలో నెట్ గుర్తు బదులు గ్లోబు బొమ్మ వచ్చింది. సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఎర్రటి ఇంటూ మార్కు, పక్కన "నెట్‌వర్క్ కేబుల్ అన్‌ప్లగ్డ్" అని. వైరేమో పెట్టే ఉంది, నా చేతిలోనే ఉంది. తీసి పెట్టా, ఊది పెట్టా, టక్ మని క్లిక్ వినపడేదాకా నొక్కి పెట్టా. అదే మాట. కింద మా పాప ఫోన్‌లో వైఫై మీద వీడియోలు చూస్తూనే ఉంది.

రీస్టార్ట్ చేశా, రౌటర్ ఆఫ్ చేసి ఐదు నిమిషాలాగి ఆన్ చేశా, ఏం లేదు. అప్పుడు తారీఖు గుర్తొచ్చింది. ఏప్రిల్ నెల త్రీబీ, అంటే నెలనెలా వేసే జీఎస్టీ రిటర్ను, మే 20వ తారీఖు లోపల వేయాలి, 11 మందివి ఇంకా వేయలేదు. లేటైతే రోజుకి 50 రూపాయలు ఒక్కొక్కరికి, అది డబ్బు లెక్క, కానీ వాళ్ళంతా నా మాట మీద నిశ్చింతగా ఉండే మనుషులు, "అక్క చూసుకుంటుంది" అనుకుని ఒక్కసారి కూడా ఫోన్ చేసి అడగరు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పదిన్నరకి నెట్ కంపెనీ కస్టమర్ కేర్‌కి చేస్తే 22 నిమిషాలు పాట వినిపించి ఒకాయన లైన్లోకొచ్చాడు. ఆయన అక్కడ్నుంచే చూసి లైన్ క్లియర్‌గా ఉంది మేడం, రౌటర్ ఆన్‌లైన్‌లోనే ఉంది, ఫోన్‌లో వస్తోందా, వస్తోంది కదా, అయితే మీ కంప్యూటర్‌దే ప్రాబ్లం అన్నాడు. నేను బతిమాలితే కంప్లైంట్ రాసుకుని 48 గంటల్లో మనిషొస్తాడన్నాడు. నిజానికి వచ్చింది మూడో రోజు.

14 బుధవారం పొద్దున్నే హైదరాబాద్‌లో ఉన్న మా మరిదికి ఫోన్ చేశా, అతను ఒక ఆఫీసులో సిస్టమ్స్ చూసుకుంటాడు. "వదినా, కంగారు పడొద్దు, సీఎండీ ఓపెన్ చెయ్యి" అని మొదలుపెట్టాడు, అంటే కమాండ్లు టైప్ చేసే నల్ల విండో. అందులో నెట్‌వర్క్ వివరాలు చూపించే ఐపీకాన్ఫిగ్ కొడితే "మీడియా డిస్‌కనెక్టెడ్" అని వచ్చింది. పింగ్ 127.0.0.1 కొట్టమన్నాడు, పింగ్ అంటే ఆ నంబరు నుంచి జవాబొస్తుందా అని చూడటం, నాలుగు రిప్లైలూ చక్కగా వచ్చాయి, నేను సంబరపడిపోయా. అతనేమో అది కంప్యూటర్ తనతో తను మాట్లాడుకోవడం వదినా, వైరు దాకా పోదు, లోపల సాఫ్ట్‌వేర్ బాగుందని మాత్రమే అర్థం అన్నాడు. డివైస్ మేనేజర్‌లో ల్యాన్ కార్డు, అంటే నెట్ వైరు గుచ్చే పోర్టు ఉండే భాగం, దాని మీద పసుపు గుర్తు లేదు, "డివైస్ సరిగ్గా పనిచేస్తోంది" అనే ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి, పోర్టు కాలిపోయినా సరే అక్కడ అలాగే చూపించింది, చివరి రోజు దాకా.

మధ్యాహ్నం అతను ఆఫీసు మీటింగ్‌లో ఉంటే నేనే తొందరపడి ఒక పని చేశా. డ్రైవర్, అంటే కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, తీసేసి మళ్ళీ వేస్తే బాగవుతుందని ఎక్కడో చదివి అన్‌ఇన్‌స్టాల్ కొట్టా, అక్కడ డ్రైవర్ ఫైళ్ళు కూడా డిలీట్ చేయాలా అని ఒక చిన్న డబ్బా ఉంటే దానికీ టిక్ పెట్టేశా. రీస్టార్ట్ అయ్యాక కార్డు పేరే లేదు, ఊరికే "ఈథర్నెట్ కంట్రోలర్" అని పసుపు గుర్తుతో ఉంది. మళ్ళీ డ్రైవర్ కావాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. రెండు చేతులూ తల మీద పెట్టుకుని కూర్చున్నా. ఎవరైనా సరే డ్రైవర్ జోలికి వెళ్ళేముందు ఫోన్‌లోనైనా దాన్ని డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. మదర్‌బోర్డు మోడల్ నంబరు బోర్డు మీదే రాసి ఉంటుంది, నేను టార్చి వేసి చదివి ఫోన్‌లో వెతికి దించా, అంతా కలిపి రెండు గంటలు పోయింది.

ఆ ఫైలు కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో కలిపితే, పక్కన నిలబడ్డ మా పాప, తొమ్మిదో క్లాసు, ఫోన్‌లో వచ్చిన లిస్టు చూసి "అమ్మా, ఇక్కడ యూఎస్‌బీ టెదరింగ్ అని ఉంది, నొక్కనా?" అంది. నొక్కింది. ఐదు సెకన్లలో కంప్యూటర్‌లో "ఈథర్నెట్ 2" అని కొత్తది వచ్చింది, గ్లోబు బొమ్మ పోయి నెట్ గుర్తు వచ్చింది. దాన్ని పట్టుకుని ముద్దు పెట్టేశా. ఫోన్ డేటానే, కానీ కంప్యూటర్‌లో నెట్! దించిన డ్రైవర్ కూడా వేశా, కార్డు పేరు మళ్ళీ వచ్చింది, వైరుతో నెట్ మాత్రం రాలేదు. మరిది సాయంత్రం విని, ఇది మంచి టెస్టు కూడా వదినా, విండోస్ బాగుంది, బ్రౌజర్ బాగుంది, ఇక మిగిలింది మూడే, మీ కంప్యూటర్ పోర్టు, వైరు, రౌటర్ అన్నాడు.

టెదరింగ్ గురించి నాకు తెలిసొచ్చినవి చెప్తా. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే వైర్లుంటాయి, వాటితో ఆ ఆప్షనే రాదు, మా ఇంట్లో నాలుగు వైర్లుంటే ఒక్కదానితోనే పనిచేసింది. వైరు కొంచెం కదిలినా టెదరింగ్ ఆఫ్ అయిపోతుంది, మళ్ళీ ఫోన్‌లోకి వెళ్ళి ఆన్ చేసుకోవాలి, ఎవరైనా కాల్ చేస్తే ఫోన్ చేతిలోకి తీసుకోగానే ఊడొచ్చేది, అందుకే స్పీకర్‌లో పెట్టి వంగి మాట్లాడేదాన్ని. అన్నిటికన్నా పెద్ద దెబ్బ మర్నాడు తగిలింది. పొద్దున పదకొండుకల్లా రోజు డేటా 2 జీబీ అయిపోయిందని మెసేజ్, నేను వాడింది ఏమీ లేదు, చూస్తే విండోస్ దాని పాటికది అప్‌డేట్లు దించేసుకుంటోంది. ఆ కనెక్షన్‌ని సెట్టింగ్స్‌లో "మీటర్డ్" అని, అంటే డేటా పొదుపుగా వాడమని, పెట్టాకే ఆగింది. మొత్తం వారంలో అదనపు డేటా ప్యాక్‌లకి 150 రూపాయలయ్యాయి.

15 గురువారం. నెట్ కంపెనీ మనిషి రాలేదు, ఫోన్ చేస్తే రేపు అన్నారు. పక్క పోర్షన్‌లో నెల్లూరు అమ్మాయి ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌లో చేస్తుంది, "అక్కా, నా ల్యాప్‌టాప్‌కి ల్యాన్ పోర్టు ఉంది, పెట్టి చూద్దామా" అని తనే తెచ్చింది. నా టేబుల్ దగ్గర వైరు తీసి దాని ల్యాప్‌టాప్‌కి పెట్టాం. దాంట్లో కూడా రాలేదు. పోర్టు పక్కన లైటు కూడా వెలగలేదు. నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను, అంటే నా కంప్యూటర్ బాగుంది, వైరే పోయింది, నాలుగేళ్ళు ఎండలో ఉంది కదా, పగిలిపోయి ఉంటుంది. అందరం అదే అన్నాం, మా ఆయన, ఓనర్ అంకుల్, ఆ అమ్మాయి, ఫోన్‌లో మరిది కూడా. ఆ అమ్మాయి ఆ రాత్రి బస్సుకే ఊరెళ్ళిపోయింది, ల్యాప్‌టాప్ తీసుకుని. ఆ తర్వాతి మూడు రోజులు అలా పోవడానికి అదే కారణం.

16 శుక్రవారం పొద్దున ఎలక్ట్రీషియన్ వచ్చాడు, మాకు తెలిసిన మనిషే. బయటి గోడకి పనికొచ్చే క్యాట్ సిక్స్ వైరు 30 మీటర్లు, మీటరు 22 చొప్పున 660, కనెక్టర్లూ క్రింపింగ్ కలిపి 100, కూలి 500, మొత్తం 1,260. అతను పని చేస్తుంటే పక్కనే కూర్చుని చూశా. పై తొడుగు కోస్తే లోపల మెలిపెట్టిన నాలుగు జతలు, ఎనిమిది సన్న తీగలు. మెలికలు విప్పి, బొటనవేలి గోటితో ఒత్తి ఒత్తి సాపు చేసి, తెలుపు ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు బ్రౌన్, బ్రౌన్ అని నోట్లో గొణుక్కుంటూ వరసగా పెట్టుకున్నాడు. కొసలన్నీ ఒకే గీతలో కత్తిరించి కనెక్టర్‌లోకి తోసి నొక్కే ముందు వెలుతురుకి ఎత్తి పట్టి ఎనిమిది కొసలూ చివరిదాకా తగిలాయా లేదా అని చూశాడు. తర్వాత రెండు ముక్కల టెస్టర్ ఒకటి తీసి, ఒక ముక్క పైన, ఒకటి కింద పెట్టాడు, 1 నుంచి 8 దాకా లైట్లు ఒకటి తర్వాత ఒకటి వెలిగాయి. పని ఎంత శ్రద్ధగా చేశాడో. నాకు ఇప్పటికీ బాధేంటంటే, ఆ టెస్టర్‌ని పాత వైరుకి ఒక్కసారి పెట్టి చూడమని అతనికీ తట్టలేదు నాకూ తట్టలేదు. పెట్టి ఉంటే 1,260 మిగిలేవి.

కొత్త వైరు కింద రౌటర్‌లో పాతదున్న చోటే పెట్టాం, పైన కంప్యూటర్‌లో పెట్టాం. "నెట్‌వర్క్ కేబుల్ అన్‌ప్లగ్డ్."

నేను కింద గచ్చు మీదే కూర్చుండిపోయా. అతను పాపం రెండు చివర్లూ కోసి మళ్ళీ క్రింప్ చేశాడు, దానికి డబ్బులు కూడా తీసుకోలేదు. ఏం మారలేదు.

సాయంత్రం నాలుగున్నరకి నెట్ కంపెనీ కుర్రాడొచ్చాడు. ఫోన్ తీసి వైఫైలో స్పీడ్ టెస్ట్ కొట్టి 94 వచ్చిందని చూపించి "నమ్ కడె ఏను ప్రాబ్లం ఇల్ల మేడం" అన్నాడు, మా వైపు ఏ ప్రాబ్లం లేదని. ఒక్కసారి పైకి రమ్మని బలవంతం చేస్తే వెళ్ళేముందు రౌటర్ వెనక వైరు పీకి పక్క హోల్‌లో పెట్టాడు, ల్యాన్ 1 లోంచి ల్యాన్ 2 లోకి. మేము పైకెళ్ళి చూసేసరికి మూడు రోజులుగా చచ్చిపడున్న నా కంప్యూటర్ పోర్టు దగ్గర ఆరెంజ్ లైటు వెలుగుతోంది! "ఐడెంటిఫైయింగ్" అని తిరుగుతోంది. నా గుండె కొట్టుకుంటోంది. తర్వాత "అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్". లైటు పోయింది, వచ్చింది, పోయింది. ఐపీకాన్ఫిగ్ కొడితే 169.254 తో మొదలయ్యే నంబరు. మరిది తర్వాత చెప్పాడు, రౌటర్ నుంచి ఐపీ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌కి అడ్రస్ లాంటి నంబరు) అందకపోతే విండోస్ తనకు తనే ఇచ్చుకునే నంబరట అది, 192.168 తో మొదలవ్వకుండా 169.254 కనపడిందంటే రౌటర్ మాట వినపడట్లేదని అర్థం. ఆ కుర్రాడు అది చూసి "మీ పీసీ బోర్డు పోయింది, మా రౌటర్ అన్ని పోర్టులూ ఓకే" అని చెప్పి కంప్లైంట్ క్లోజ్ చేయడానికి ఓటీపీ అడిగాడు. నేను ఇచ్చేశా, ఇవ్వకుండా ఉండాల్సింది.

నిన్న ల్యాప్‌టాప్‌లో కూడా రాలేదు కదా, మరి నా బోర్డెలా పోతుంది అని నాకు అర్థం కాలేదు. ఈ ప్రశ్న పట్టుకుని ఆ రాత్రంతా ఉన్నా.

17 శనివారం మెయిన్ రోడ్డు మీద కంప్యూటర్ షాపతన్ని పిలిచాం, ఇంటికొచ్చినందుకు 300. విండోస్ ఫార్మాట్ కొట్టి చూద్దామన్నాడు. టెదరింగ్‌లో నెట్ వస్తోంది, విండోస్ బాగానే ఉంది అంటే వినలేదు. అకౌంట్స్ రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో నాలుగేళ్ళ డేటా ఉంది, ఫార్మాట్ ఊసెత్తొద్దన్నా. అయితే మదర్‌బోర్డు మార్చాలి, మీ ప్రాసెసర్‌కి కొత్త బోర్డులు దొరకవు, మొత్తం సిస్టమ్ కొత్తది తీసుకోండి, 28,000 లో చేసిస్తా అన్నాడు. మా ఆయన నా మొహం చూడలేక "తీసేసుకుందాంలే, పోతే పోయింది" అన్నారు. నేను కూడా దాదాపు సరే అనేశా, ఫోన్‌లో డబ్బులు ఎంతున్నాయో చూసుకున్నా కూడా. మరిది రాత్రికి ఫోన్ చేస్తానన్నాడు కాబట్టి ఆగా, అంతే.

రాత్రి పదింటికి అతను ల్యాన్ కార్డు ప్రాపర్టీస్‌లో "స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్" అన్న చోటికి తీసుకెళ్ళాడు. ఆటో తీసేసి 10 ఎంబీపీఎస్ పెట్టించాడు. లైటు నిలబడింది! 192.168.1.7 వచ్చింది. రౌటర్ నంబరైన 192.168.1.1 కి పింగ్ కొడితే పదిలో ఆరు "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్", నాలుగు వచ్చాయి. నాలుగు నిమిషాలు అలా నడిచి మళ్ళీ చచ్చిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా రాలేదు. అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత "వదినా, కార్డు కొనఊపిరితో ఉంది, అది పోయినట్టే. కానీ గురువారం ఆ ల్యాప్‌టాప్ పెట్టినప్పుడు కింద రౌటర్‌లో వైరు ఏ హోల్‌లో ఉంది?" అన్నాడు.

ల్యాన్ 1 లో. కుర్రాడు 2 లోకి మార్చింది శుక్రవారం.

"మార్చాక ల్యాప్‌టాప్ పెట్టి చూశారా?" చూడలేదు నాయనా, ల్యాప్‌టాప్ నెల్లూరులో ఉంది.

18 ఆదివారం మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చీ రాగానే, పాపం బ్యాగు కూడా దించనివ్వకుండా పైకి తీసుకెళ్ళా. మా పాప నోట్‌బుక్‌లో గీతలు కొట్టి కూర్చుంది, మేము ఒక్కోటే మార్చడం, తను రాయడం. ల్యాప్‌టాప్, కొత్త వైరు, ల్యాన్ 1: రాలేదు. ల్యాప్‌టాప్, కొత్త వైరు, ల్యాన్ 2: ఐదు సెకన్లలో నెట్ వచ్చింది, ఆకుపచ్చ లైటు. నా కంప్యూటర్, అదే వైరు, అదే ల్యాన్ 2: రాలేదు. అప్పుడు నాకు ఇంకోటి తట్టి, చుట్ట చుట్టి మూలన పడేసిన పాత వైరు తెచ్చి ల్యాన్ 2 నుంచి ల్యాప్‌టాప్‌కి పెట్టించా. వచ్చింది. శుభ్రంగా వచ్చింది.

అంటే రౌటర్‌లో ల్యాన్ 1 పోయింది, పైన నా కంప్యూటర్ పోర్టూ పోయింది, మధ్యలో వైరు మాత్రం నిక్షేపంలా ఉంది. రెండు చివర్లూ పోవడం వల్లే ఏ ఒక్కటి మార్చినా బాగవలేదు. వైరు మార్చినా రాలేదు, రౌటర్ హోల్ మార్చినా రాలేదు, ల్యాప్‌టాప్ పెట్టినా రాలేదు, ప్రతి ఒక్కరూ తాము మార్చింది తప్పు కాదని తేల్చుకుని వెళ్ళిపోయారు. రెండూ ఒకేసారి మారిస్తేనే తెలిసేది.

మరిది చెప్పిందాన్ని బట్టి పిడుగు నేరుగా ఇంటి మీద పడక్కర్లేదు, దగ్గర్లో పడినా చాలు, బయట గోడ మీద పాతిక ముప్పై మీటర్ల రాగి తీగ ఉంటే దాంట్లో ఒక్క క్షణం వోల్టేజ్ పుడుతుంది, అది తీగ రెండు కొసలకీ పోయి అక్కడున్నదాన్ని కొడుతుంది. యూపీఎస్ కరెంటు వైపు కాపలా కాస్తుంది, ల్యాన్ వైరు వైపు ఎవరూ కాపలా లేరు. కంప్యూటర్ ఆఫ్ చేసి ఉన్నా వైరు పెట్టే ఉంది కదా. నాలుగేళ్ళుగా ప్రతి వేసవి వానకీ కంప్యూటర్ ఆఫ్ చేసి నేను నిశ్చింతగా పడుకున్నా, అది తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది.

మదర్‌బోర్డు మార్చక్కర్లేదు వదినా, విడిగా ల్యాన్ కార్డు దొరుకుతుంది అన్నాడు. ఈ ఒక్క మాట శనివారం ఆ షాపతను చెప్పి ఉంటే! పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లలో వెతికితే కార్డు లేదు, యూఎస్‌బీది ఉంది, 1,400. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే 21న వస్తుందంది. నాకు గడువు 20. కంప్యూటర్ సామాన్ల షాపులుండే ఎస్పీ రోడ్డుకి వెళ్దామంటే ఆదివారం అక్కడ చాలా షాపులు మూసేస్తారని ఆ అమ్మాయి అంది. సరే, సోమవారం.

ఆ ఆదివారం రాత్రే బెంగళూరులో ఆ కుండపోత వాన. పొద్దున్నకల్లా 100 మిల్లీమీటర్లు దాటిందని వార్తలు, మాకు దగ్గర్లో హొరమావు సాయి లేఔట్ మొత్తం నీళ్ళలో ఉంది. రాత్రి మొదటి ఉరుముకే నేను లేచి వెళ్ళి రెండు వైపులా వైరు పీకేశా. సోమవారం ఆటోలేవీ రామంటే మోకాళ్ళ దాకా చీర ఎత్తి పట్టుకుని కొంత దూరం నడిచి, ఎవరో బైకతను మెయిన్ రోడ్డు దాకా దింపితే బెన్నిగానహళ్ళి మెట్రో చేరుకున్నా. మెజెస్టిక్‌లో లైను మారి చిక్కపేట దిగా. మధ్యాహ్నం పన్నెండున్నర అయింది.

ఎస్పీ రోడ్డులో మూడో షాపులో దొరికింది, 780 రూపాయలు. అక్కడాయన తెలుగాయనే, "క్యాబినెట్ సన్నదా వెడల్పుదా అమ్మా?" అని అడిగాడు. నేను ముందు రోజే మరిది చెప్తే కంప్యూటర్ వెనక భాగం, లోపల ఖాళీ స్లాటు, రెండూ ఫోటో తీసుకుని వెళ్ళా. ఆయన ఫోటో చూసి నాది సన్న క్యాబినెట్, కార్డుకుండే మామూలు రేకు పట్టదు, కార్డు డబ్బాలోనే పొట్టి రేకు ఇంకోటి ఉంటుంది, అది మార్చి బిగించుకోవాలి అని చెప్పి, ఆయనే స్క్రూలు విప్పి మార్చి ఇచ్చాడు. ఫోటో లేకపోతే నేను ఇంటికొచ్చి పట్టక మళ్ళీ వెళ్ళాల్సొచ్చేది. ల్యాన్ వైరులో ఒక్కసారిగా వచ్చే వోల్టేజ్‌ని ఎర్త్‌లోకి పంపే ల్యాన్ సర్జ్ ప్రొటెక్టర్ అనే చిన్న డబ్బాలు కూడా రెండు తీసుకున్నా, ఒక్కోటి 380. వాటికి ఎర్తింగ్ తీగ బిగించాలి, ఎర్త్ లేకపోతే పెట్టినా ఒకటే పెట్టకపోయినా ఒకటే అని గట్టిగా చెప్పాడు.

ఇంటికొచ్చేసరికి నాలుగు. కరెంటు ప్లగ్గు పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, పక్క మూత తీశా. వీడియో కాల్‌లో మరిది, టార్చి పట్టుకుని పాప. వెనక ఖాళీ రేకు ఒకటి విరిచి తీసి, కార్డుని ఆ చిన్న స్లాటులో పెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కితే కూర్చుంది, ఒక స్క్రూ బిగించా. ఇరవై నిమిషాల పని. వైరు ల్యాన్ 2 నుంచి కొత్త కార్డుకి. ఆన్ చేశా. డ్రైవర్ అడుగుతుందేమో అని ఫోన్ దగ్గర పెట్టుకున్నా, అడగలేదు, విండోస్ దానంతటదే పట్టుకుంది. కంప్యూటర్ వెనక ఆకుపచ్చ లైటు నిలబడి వెలుగుతుంటే పాప "అమ్మా ఏడుస్తున్నావా" అంది. ఏడ్చా, నిజమే. స్పీడు చూస్తే 1 జీబీపీఎస్ లింక్. మరిది పాత పోర్టుని బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందొచ్చే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లోకి, వెళ్ళి డిసేబుల్ చేయించాడు, రెండూ ఉంటే రేపెవరైనా పొరపాటున దాంట్లో పెడతారని.

టెదరింగ్ మీద ఏడు అప్పటికే ఫైల్ చేశా, మిగిలిన నాలుగూ 20 మంగళవారం కూర్చుని చేశా. ఆఖరిది మెస్సాయనది, ఆయన ఓటీపీ చెప్పేసరికి రాత్రి తొమ్మిదీ నలభై. "ఏమ్మా ఈసారి ఆఖరి రోజు దాకా వచ్చావు, ఒంట్లో బాగలేదా" అని అడిగాడు. ఇదంతా చెప్తే మర్నాడు క్యారియర్‌లో బిర్యానీ పంపించాడు.

లెక్క వేసుకుంటే వైరుకి 1,260, డేటాకి 150, షాపతనికి 300, కార్డు 780, ప్రొటెక్టర్లు 760, మొత్తం 3,250, తిరిగిన ఖర్చు కాకుండా. కనెక్షన్ బాగవడానికి నిజంగా కావాల్సింది 780 ఒక్కటే. రౌటర్ గురించి నెట్ కంపెనీకి మళ్ళీ చేశా, పిడుగు వల్ల పోతే మార్చివ్వం, కొత్తది 1,500 అన్నారు, వద్దనుకున్నా, మిగిలిన పోర్టులు బాగున్నాయి కదా. ల్యాన్ 1 మీద ఎర్ర టేపు అంటించా.

24 శనివారం ఎలక్ట్రీషియన్ వచ్చి ప్రొటెక్టర్లు రెండు వైపులా బిగించాడు. అప్పుడే బయటపడింది, నా పై రూమ్ ప్లగ్గులో ఎర్త్ పిన్నుకి వెనకాల తీగే లేదు, ఉత్త రంధ్రం. ఓనర్ అంకుల్‌కి చూపిస్తే ఆయన కూడా బిత్తరపోయి ఆ పని ఆయన ఖర్చు మీదే చేయిస్తానన్నారు, జూన్ మొదటి వారంలో కింద నుంచి ఎర్త్ తీగ లాగుతారన్నారు. అది అయ్యేదాకా మబ్బు పట్టినప్పుడల్లా వైరు రెండు వైపులా పీకేయాలనుకున్నాం, నేను ఇంట్లో లేకపోతే పాప పీకాలి.